చలినేలలో పరదేశపు మొక్కలు: బయలున పెంచగోరువారు తెలియవలసిన సంగతులు

పరదేశపు మొక్క యనినంతనే మనము వింతపడ నక్కరలేదు. మన కూరలకు కారము నిచ్చు మిరప, పెరటిలోని బొప్పాయి, తీరపు ఇసుకదిబ్బలపై పెరుగు జీడిమామిడి, ఇవి యన్నియు అమెరికా ఖండమునుండి వచ్చినవే. నేడు వానిని పరాయివిగ నెవరును తలపరు. అవి యింత సులభముగ మన నేలలో నాటుకొనుటకు కారణము స్పష్టము. అవి వెచ్చని సీమనుండి వెచ్చని సీమకే వచ్చినవి. వెచ్చని సీమలోని మొక్కను చల్లని నేలకు కొనిపోయి, గాజుటింటిలో గాక ఆరుబయట నాటి బ్రదికించుట మాత్రము వేరు విద్య. ఆ విద్యను గూర్చి తెలిసినంతవరకు ఈ సంచికలో వివరింప దలచితిమి.

ఈ విషయము నిప్పుడు చేపట్టుటకు హేతువు కలదు. మన్యపు కొండలపై భూములు గల సభ్యులు క్రొత్త క్రొత్త మొక్కలను నాటుటకై సంఘమునుండి అప్పు కోరుచున్నారు. మొక్కలు అమ్మువారు తమ మొక్క యెచ్చటనైనను పెరుగునని చెప్పుదురు. తోట కాపునకు వచ్చుటకు మూడు నాలుగు సంవత్సరములు పట్టును. అప్పు ఆ సంవత్సరములన్నిటను వడ్డీతో పెరుగును. మొక్క చచ్చుటకు మాత్రము ఒక్క రాత్రి చాలును. కావున మొదటనే ఒక మాట చెప్పి, తక్కిన వ్యాసమంతయు దానినే వివరింతుము. చలినేలలో పరదేశపు మొక్క యొక్క చావు బ్రదుకులను నిర్ణయించునది చలికాలపు సగటు చలి కాదు. కొన్ని యేండ్ల కొకసారి వచ్చు మిక్కిలి చల్లని రాత్రి. ఆ రాత్రి మీ పొలమున, మీరు మొక్క నాటబోవు చోటనే, ఎంత చలి యుండునో ముందు తెలిసికొని, పిమ్మట మొక్కను కొనవలెను.

చలి మొక్కను చంపు విధము

చలివలన మొక్కకు కలుగు హాని మూడు విధములు.

మొదటిది గడ్డకట్టని చలి. అరటివంటి ఉష్ణదేశపు మొక్కలు, ఉష్ణము సున్న డిగ్రీలకు దిగకున్నను నష్టపడును. పది పండ్రెండు సెంటిగ్రేడు డిగ్రీల దిగువను అరటి పెరుగుట దాదాపు మానును. అట్టి చలి దినములు పెక్కు వరుసగ వచ్చినచో ఆకు పసుపువారి అంచులు మాడును.

రెండవది గడ్డకట్టు చలి. మొక్కలోని నీరు గడ్డకట్టునప్పుడు మంచు మొదట జీవకణముల లోపల గాక, వాని నడుమనున్న సందులలో ఏర్పడును. ఆ మంచు కణములలోని నీటిని తనవైపునకు లాగికొనును. నీరు కోల్పోయిన కణము ముడుచుకొని, దాని పైపొర చెడును. తెల్లవారి ఎండ సోకగనే ఆకు ఉడికించినట్లు మెత్తబడి నల్లనగుట ఇందువలననే. చలిదేశపు మొక్కలు శరత్కాలమున కొన్ని వారములపాటు క్రమముగ చల్లబడు రాత్రులకు అలవాటుపడి, కణములలో చక్కెరలను కూడబెట్టుకొని, ఈ హానికి సిద్ధమగును. ఉష్ణదేశపు మొక్కలలో అనేకమునకు ఈ శక్తి లేదు, లేక స్వల్పము. ఈ శక్తి గల మొక్కకైనను చలి హఠాత్తుగ వచ్చినచో సిద్ధమగుటకు అవకాశముండదు. అందుచే మార్గశిరమున తట్టుకొన్న చలినే అదే మొక్క ఆశ్వయుజమున తట్టుకొనలేదు.

మూడవది చలితోకూడిన తడి. మెక్సికో దేశపు కలబందను పోలిన మొక్కలైన అగేవులు పొడినేలలో గట్టి చలికి నిలుచును. అవే మొక్కలు చలికాలమున నీరు నిలుచు బంకమట్టిలో అంతకు తక్కువ చలికే మొదలు కుళ్లి చచ్చును. ఇంగ్లండు దేశమున పరదేశపు మొక్కలను పెంచువారిలో అనేకులు చలికంటె తడికే యెక్కువగ భయపడుదురు.

ముందు గాలికి అడ్డు, తరువాత మొక్క

స్కాట్లండు పడమటి తీరమున ఇన్వర్యూ అను తోట కలదు. ఆ చోటు మాస్కో నగరముకంటెను ఉత్తరమున నున్నది. అట్టి చోట నేడు న్యూజీలండు, టాస్మేనియా, హిమాలయ ప్రాంతముల మొక్కలు బయటనే పెరుగుచున్నవి. చూడవచ్చినవారు దీనిని సముద్రమహిమ యందురు. అట్లాంటిక్ సముద్రములోని వెచ్చని ప్రవాహము ఆ తీరమును తాకుచుండుటచే గడ్డకట్టు చలి అచ్చట తక్కువన్నమాట నిజమే. కాని అదే ప్రవాహము తాకు తీరమున ప్రక్కనున్న కొండనేలలు చెట్టులేక బోసిగ నున్నవి. కావున సముద్ర మొక్కటే చాలదని తెలియుచున్నది.

ఆ తోటను వేసినవాడు ఆస్గుడ్ మెకెంజీ యను భూస్వామి. 1862లో ఆ భూమి అతని కుటుంబమునకు వచ్చినప్పుడు, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఆ రాతినేలపై చెట్టన్నది దాదాపు లేదు. మన్ను చాలక, బుట్టలతో మోయించి తెప్పించెను. అతడు మొదట నాటినవి అపురూపపు మొక్కలు కావు. ఉప్పుగాలికి నిలుచు పైను చెట్లను బయటివైపున వరుసలుగ నాటించెను. అవి యెదిగి గాలి నాపుటకు పదిహేను ఇరువది యేండ్లు పట్టెను. ఆ తరువాతనే లోపల సుకుమారపు మొక్కలకు చోటు చేసెను. అతడు 1922లో చనిపోయెను. అతని కుమార్తె ఆ తోటను కాపాడి, 1952లో స్కాట్లండు నేషనల్ ట్రస్టునకు అప్పగించెను.

గాలి చేయు హాని యేమని కొందరు అడుగవచ్చును. నేల చల్లబడినప్పుడు వేళ్లు నీటిని సరిగ పీల్చలేవు. అట్టి సమయమున గాలి ఆకులనుండి నీటిని లాగివేయుచుండును. పైన ఖర్చు, క్రింద రాబడి లేదు. మొక్క ఎండి చచ్చును. మనము చలికి చచ్చినదందుము. కాబట్టి గాలికి అడ్డు లేని కొండనేలపై విలువగల మొక్కను నాటుట, గోడలు లేని యింటికి తలుపు బిగించుటవంటిది. ముందు అడ్డు, తరువాత మొక్క.

నూటయేబది యేండ్ల తోటకు ఒక్క వారము

ఇంగ్లండు నైరృతి కొననుండి దాదాపు ఇరువదియెనిమిది మైళ్ల దూరమున సముద్రమున సిల్లీ దీవులు కలవు. 1834లో అగస్టస్ స్మిత్ అనునతడు ఆ దీవులను కౌలునకు తీసికొని, ట్రెస్కో యను దీవిలో పాతమఠపు శిథిలముల చుట్టును గోడలు కట్టి తోట వేసెను. గాలికి అడ్డుగ కాలిఫోర్నియా తీరపు మాంటెరీ పైను, మాంటెరీ సైప్రెస్ చెట్లు పెంచిరి. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, కెనరీ దీవులు, మెక్సికో మొదలగు సీమల మొక్కలు అచ్చట కప్పు లేకుండ పెరిగినవి. ఆ దీవిలో ఉష్ణము సున్నకు దిగుట అరుదు. తరతరములుగ కనులార చూచినవారు ఇది శాశ్వతమని తలచుట సహజమే.

1987 జనవరిలో కొద్ది దినములు మంచు కురిసి, గట్టి చలి పట్టెను. ఆ కొద్ది దినములలో సుకుమారపు మొక్కలు అత్యధిక భాగము చచ్చిపోయినవి. మూడేండ్లు తిరుగునప్పటికి, 1990 జనవరిలో, పెనుగాలి వచ్చి గాలికి అడ్డుగనున్న పెద్దచెట్లను చాలవరకు కూల్చెను. తోటవారు వెంటనే అడ్డుచెట్లను తిరిగి నాటి, మొక్కలను తిరిగి సమకూర్చిరి. నేడు ఆ తోట మరల నిండుగ నున్నది.

ఈ కథలో మనము గ్రహింపవలసినది రెండు సంగతులు. ఒకటి, పది సంవత్సరములు ఒక మొక్క బ్రదికినంత మాత్రమున ఆ చోటు దానికి క్షేమమని చెప్పరాదు. అంతటి చలి ఆ పదేండ్లలో రాలేదేమో. రెండు, ట్రెస్కో తోట వేడుకతోట. అందు మొక్క చచ్చినచో చూడవచ్చువారికి కొరత. మన తోట జీవనాధారము. అందు మొక్క చచ్చినచో పిల్లల చదువు ఆగును, పుస్తెలు తాకట్టునకు పోవును. వేడుకతోటవాడు చేసిన సాహసము నప్పుచేసిన రైతు చేయరాదు.

అరటిదుంప, తాటిమొవ్వు

మొక్కలో ప్రాణమున్న చోటేదో తెలిసికొని దానిని కాపాడుట ఈ విద్యలో ముఖ్యమైన సూత్రము. దీనికి మనకు పరిచయమున్న రెండు జాతులనే తీసికొందము.

ఇంగ్లండు తోటలలో బయట పెరుగు అరటి యొకటి కలదు. దానిని జపాను అరటి యందురుగాని దాని పుట్టిల్లు చీనా దేశపు దక్షిణభాగము. కాయ తినుటకు పనికిరాదు. ఆకు అందమునకే పెంచుదురు. తొలి గట్టిమంచుకే దాని ఆకులు నల్లబడి వ్రాలును. అయినను అరటికి నిజమైన కాండము భూమిలోని దుంపయే గదా. పైన కనబడు బోదె ఆకుతొడిమల చుట్టే. అచ్చటివారు ఆకులను కోసివేసి, బోదె చుట్టును తీగెవల కట్టి దానిలో ఎండుగడ్డి కూరి, పైన నీరు చొరకుండ మూత వేయుదురు. మొదట జానెడు మందమున ఎండుటాకులు పరతురు. బోదె చచ్చినను దుంప బ్రదికియున్నచో వసంతమున పిలకలు వచ్చును. మన రైతు గెల కోసిన తరువాత పిలకను నమ్ముకొనునట్లే అచ్చటి తోటవాడు చలికాలమున దుంపను నమ్ముకొనును.

తాటిజాతి దీనికి విరుద్ధము. చీనాలో నార కొరకు పెంచు ఒక చిన్న తాటిజాతి చెట్టును రాబర్ట్ ఫార్చ్యూన్ అను మొక్కల అన్వేషకుడు 1849లో ఇంగ్లండునకు పంపెను. అది సున్నకు పది డిగ్రీల దిగువ చలినైనను తట్టుకొనును. తాటిజాతి చెట్లన్నిటిలో బయటి చలికి ఇంతగ నిలుచునవి బహుకొద్ది. కాని దానికిని ప్రాణమంతయు తలలోని మొవ్వునందే యున్నది. ఆకులన్నియు మాడినను మొవ్వు నిలిచినచో చెట్టు నిలుచును. మొవ్వు కుళ్లినచో ప్రక్కకొమ్మ లేదు, పిలక లేదు, చెట్టు పోయినట్లే. అందుచే లేతతాటిజాతి మొక్కలకు ఆకులను పైకి దగ్గరగ కట్టి, మొవ్వులో చలివాన నిలువకుండ చూతురు. ఆస్ట్రేలియా చెట్టుఫెర్నులకును అట్లే తలలో ఎండుగడ్డి కూరుదురు.

కావున క్రొత్తమొక్కను కొనునప్పుడు, "ఇది మొదలువరకు చచ్చినచో తిరిగి చిగుర్చునా?" అని అడుగుడు. చిగుర్చునదైనచో మొదలు కప్పుడు. చిగుర్పనిదైనచో చోటు విషయమున రెట్టింపు జాగ్రత్త పడుడు. అంటుమొక్కలలో మరియొక చిక్కు కలదు. అంటు క్రిందివరకు చచ్చినచో తిరిగి వచ్చునది మీరు కోరిన రకము కాదు, దాని క్రింది అడవివేరు. అంటుకట్టిన ముడి కప్పులోపల నుండునట్లు చూచుకొనవలెను.

పరానా రాష్ట్రపు కాఫీతోటలు

ఇప్పుడు వేడుకతోటలు విడిచి బ్రదుకుతెరువు తోటలకు వత్తము. కాఫీ ఇథియోపియా కొండలలో పుట్టినది. దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశమునకును అది పరదేశపు మొక్కయే. ఆ దేశమున దక్షిణముననున్న పరానా రాష్ట్రపు ఎఱ్ఱనేలలలో ఇరువదవ శతాబ్దమున కాఫీ విస్తారముగ నాటిరి. నేల సారవంతము, కాపు ఘనము. చలిగాలి అప్పుడప్పుడు వచ్చి కొన్ని తోటలను మాడ్చుచుండెను; రైతులు తిరిగి నాటుచుండిరి.

1975 జులైలో, అనగా అచ్చటి చలికాలమున, నడిమాసమున వచ్చిన గట్టి చలి ఒకటి రెండు రాత్రులలో ఆ రాష్ట్రపు కాఫీచెట్లను దాదాపు అన్నిటిని చంపెను లేక మొదలంట మాడ్చెను. దానిని వారు నల్లమంచు అందురు. గాలి పొడిగ నున్నప్పుడు ఆకుపై తెల్లని మంచు పేరుకొనకయే ఆకు లోపల గడ్డకట్టి నల్లబడుటచే ఆ పేరు వచ్చినది. తరువాతి రెండేండ్లలో లోకమంతట కాఫీ ధరలు విపరీతముగ పెరిగినవి. ధర పెరిగినప్పుడు అమ్ముటకు సరకు లేనివారు పరానా రైతులే. అనేకులు కాఫీని విడిచి సోయాచిక్కుడు, గోధుమ వేసిరి. కూలిపని తగ్గి వేలకొలది కుటుంబములు పొట్టచేత పట్టుకొని వలసపోయినవి. కాఫీ సేద్యము ఉత్తరమునకు, మంచు తక్కువగల మినాస్ జెరయిస్ వంటి సీమలకు జరిగినది.

ఆ రైతులు సోమరులు కారు, తెలివిలేనివారు కారు. మంచి సంవత్సరములను చూచి చెడ్డ సంవత్సరమును మరచిరి. తమకున్నదంతయు ఒక్క పంటపై పెట్టిరి.

మన కొండల సంగతి

మన తెలుగుసీమలో కోస్తాతీరమున చలి మొక్కల చావునకు కారణమగుట లేదు. తూర్పుకనుమల మీద మాత్రము వేరు. వేయి మీటర్లు ఎక్కినచో ఉష్ణము సుమారు ఆరు డిగ్రీలు తగ్గును. అరకులోయ, చింతపల్లి, లంబసింగి ప్రాంతములు సముద్రమట్టమునకు తొమ్మిదివందలు, వేయి మీటర్ల యెత్తున నున్నవి. లంబసింగికి కొఱ్ఱబయలను పేరు కూడ కలదు. రాత్రి బయట నున్నవాడు కొఱ్ఱువలె బిగిసిపోవునని దాని అర్థముగ చెప్పుదురు. డిసెంబరు, జనవరి మాసములలో అచ్చట ఉష్ణము కొన్ని రాత్రులు సున్నకు చేరువగ దిగుచుండును.

ఈ కొండలమీది కాఫీకి నేడు మంచి పేరున్నది. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఇచ్చటి తోటలలో కాఫీ ఒంటరిగ ఎండలో నుండదు. పైన సిల్వరోకు చెట్టు నీడ, ఆ చెట్టును ప్రాకిన మిరియపుతీగె, క్రింద కాఫీ. సిల్వరోకు ఆస్ట్రేలియానుండి వచ్చినది. ఈ నీడను మనము ఎండ కొరకే యనుకొందుము. అది చలికిని కప్పే. నిర్మలమైన రాత్రి నేలలోని వేడి ఆకాశమునకు వెడలిపోవును. చెట్టుకొమ్మల కప్పు దానిలో కొంత నాపి క్రిందికి త్రిప్పును. మబ్బుపట్టిన రాత్రి వెచ్చగ నుండుటకును ఇదియే కారణము. కావున కలపధరకు ఆశపడి నీడచెట్లను ఒక్కుమ్మడిగ నరికినవాడు కాఫీపైనున్న దుప్పటిని తీసివేసినవాడగును.

చల్లని గాలి వెచ్చని గాలికంటె బరువు. అది రాత్రివేళ నీటివలె వాలునబడి పారి పల్లమున నిలుచును. అందుచే కొండ నడివాలున నున్న తోట క్షేమముగ నుండగ, దానికి నూరు గజముల క్రిందనున్న లోయపొలము మాడవచ్చును. నీలగిరి కొండలలో తేయాకుతోటలవా రీ సంగతి నెరుగుదురు. అచ్చట తెల్లమంచు పల్లపుభూములలోనే ముందు పడును. లోయలోని నేల లోతైనది, సారమైనది, నీటికి దగ్గర. కాబట్టి విలువైన మొక్కను అచ్చటనే నాటవలెనని మనసు లాగును. చలికి ఓర్వలేని మొక్క విషయమున ఆ ఆశను అణచుకొనవలెను. ఆ పల్లములో వేసవిపంటలు, కూరగాయలు వేసికొనవచ్చును.

ఇక చలిని కోరు పరదేశపు మొక్కలు వేరొక తెగ. ఆపిలు చలికి భయపడదు. చలి చాలనిచో మొగ్గ విడువదు. సామాన్యపు రకములకు ఏడు డిగ్రీల దిగువ ఉష్ణము సుమారు వేయి గంటలు కావలెను. ఇజ్రాయెలు దేశమున పుట్టించిన ఆనా వంటి రకములకు అంతకంటె చాల తక్కువ చాలును. మన కొండలలో రాత్రి చల్లనైనను పగలు వెచ్చన. కావున ఆపిలు నాటగోరువారు కూడ రకము పేరు, దానికి కావలసిన చలిగంటలు అడిగి తెలిసికొనకుండ డబ్బు చెల్లింపరాదు.

చేయవలసిన పనులు

1. ముందు కొలుచుడు. రాత్రి అతితక్కువ ఉష్ణమును గుర్తుంచుకొని చూపు ధర్మామీటరులు రెండు కొనుడు. ఒకదానిని ఎండ సోకని చోట మనిషి ఛాతీ యెత్తున, రెండవదానిని నేలకు జానెడెత్తున ఆకాశమునకు ఎదురుగ నుంచుడు. నవంబరునుండి ఫిబ్రవరివరకు ప్రతి ఉదయము పుస్తకమున వ్రాయుడు. నిర్మలమై గాలి కదలని రాత్రులలో నేలదగ్గరి ఉష్ణము పైదానికంటె మూడు నాలుగు డిగ్రీలు తక్కువగ నుండుట చూతురు. పైన మూడు డిగ్రీలున్నను క్రింద గడ్డిపై మంచు పేరుకొనుట ఇందువలననే. నాటబోవు లేతమొక్క ఉండునది క్రిందనే.

2. పెద్దలను అడుగుడు. పశువులు చలికి చచ్చిన సంవత్సరము, చెఱువు అంచున మంచుపొర కట్టిన సంవత్సరము, ఏ పల్లమున వలిసెలు మాడినవో వారికి తెలియును. నాలుగు నెలల కొలతకు వారి నలువదేండ్ల జ్ఞాపకము తోడుకావలెను.

3. చోటు నేర్పరచుడు. నడివాలు మంచిది, శిఖరమున గాలి, పల్లమున చలి. గాలి అడ్డువరుసను వాలునకు అడ్డముగ క్రిందివైపున దట్టముగ పెంచినచో చల్లనిగాలి దానివెనుక కట్టకు నీరువలె నిలుచును. క్రిందివైపున గాలి వెడలుటకు సందు విడువవలెను. రాతిగోడకు దక్షిణమున గాని నైరృతిని గాని నాటిన మొక్కకు, పగలు గోడ పట్టిన వేడి రాత్రి కొంతసేపు అందును.

4. తొలకరిలో నాటుడు. మొదటి చలికాలమునకు ముందు మొక్కకు ఐదారు నెలల పెరుగుదల దొరకవలెను. అక్టోబరులో నాటిన మొక్క వేరు తన్నకయే చలిలో పడును. నీరు నిలుచు నేలయైనచో కట్టలు పోసి ఎత్తున నాటుడు.

5. చలి ముందు ముదురనిండు. సెప్టెంబరు దాటిన తరువాత యూరియావంటి నత్రజని ఎరువు వేయకుడు. దానివలన వచ్చు లేతచిగురే తొలి మంచుకు బలియగును.

6. కప్పుట తెలిసి కప్పుడు. గోనెపట్టాలను గాని, పలుచని తెల్లనారగుడ్డను గాని, కఱ్ఱలపై ఆకులకు తగులకుండ నేలవరకు వ్రేలునట్లు, సూర్యుడు క్రుంకకముందే కప్పవలెను. నేల వేడి లోపల నిలుచుటయే దాని ప్రయోజనము. ఉదయమున ఎండ వచ్చిన తరువాత తీయవలెను. ప్లాస్టిక్ కాగితము ఆకును తాకినచోట ఆకు మాడును.

7. ఆకులకప్పు వేరునకు మేలు, చిగురునకు కాదు. మొదట పరచిన ఎండుటాకులు నేలలోని వేడిని పైకి రానీయవు. దుంప, వేరు కాపాడబడును గాని పైని గాలి మరింత చల్లబడును. చిగురు కాపాడవలసిన లేత కాఫీవంటి మొక్కలలో, చలిరాత్రులు వచ్చు రోజులలో వరుసల నడుమ కలుపు తీసి, నేలను చదునుగ, తడిగ నుంచుట మేలు. తడినేల పగటివేడిని ఎక్కువ పట్టి రాత్రి విడుచును. తడి యనగా పదును, మడుగు కాదు.

8. పొగను నమ్మకుడు. చెత్త కాల్చి పొగ పెట్టినచో మంచు పడదని పలువురి నమ్మిక. నేలవేడి ఆకాశమునకు పోవుటను పొగ ఆపలేదు. మేలేమైన కలిగినచో అది మంట వేడివలన. కొండపై మంట మరియొక ప్రమాదము కూడను.

9. మాడిన కొమ్మను తొందరపడి నరుకకుడు. మాడిన ఆకులే తరువాతి చలికి కప్పు. ఫిబ్రవరి దాటి చలి పోయిన పిదప బెరడును గోటితో గీచి చూచుడు. ఆకుపచ్చగ నున్నంతవరకు ప్రాణమున్నట్లే. చచ్చిన భాగమునే కోయుడు. మొదలు ఎండినను వానలు వచ్చువరకు వేచి, తరువాతనే వేరు పెరుకుడు.

అప్పు కోరు సభ్యులకు

మేము క్రొత్తమొక్కలకు విరోధులము కాము. క్రొత్తమొక్కను నాటి చూచినవాడు లేకున్న మన కొండలపై కాఫీయు లేదు, మన వంటలో మిరపకాయయు లేదు. మేము కోరునది క్రమము. ఎకరమునకు సరిపడు మొక్కలకు ఒక్కసారి అప్పు చేయుటకు ముందు, ముప్పది మొక్కలు కొనుడు. పది పల్లమున, పది నడివాలున, పది నీడచెట్ల క్రింద నాటుడు. రెండు చలికాలములు చూచి, ఏ పది నిలిచినవో, ఆ రాత్రులలో ధర్మామీటరు ఎంత చూపెనో వ్రాసికొనుడు. ముప్పది మొక్కలు పోయినచో అది చదువునకైన ఖర్చు. ఎకరము పోయినచో అది కుటుంబము మీద పడు దెబ్బ. ఒక గ్రామమున పదిమంది సభ్యులు కలిసి, తలకొక రకము చొప్పున పరీక్షించి ఫలితములను పంచుకొనినచో ఒక్కొక్కరికి పడు భారము మరింత తగ్గును. ఒంటరివానికి సాధ్యముకాని ఈ పరీక్ష సంఘమునకు సులభసాధ్యము. చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధనస్థానమువారిని కూడ అడిగి, వారు ఆ కొండలలో పరీక్షించిన రకములను మొదట చూచుట ఉచితము.

పరీక్షలో నిలిచిన మొక్కనైనను పొలమంతట నింపకుడు. పాతపంట యొకటి తిండికి, పరీక్షించిన పంట యొకటి రాబడికి, క్రొత్తది యొకటి ఆశకు ఉండవలెను. పరానా రైతులకు లోపించినది ఈ పంపకమే.

ఇన్వర్యూ తోటవాడు గాలి అడ్డుచెట్లు ఎదుగువరకు పదిహేను ఇరువది యేండ్లు ఆగగలిగెను. మనకు అంత వ్యవధి లేదు. అతనికున్న ఆస్తియు లేదు. రెండు చలికాలములు ఓర్చుట మాత్రము మనకును సాధ్యమే. ఈ మార్గశిరమునకే ధర్మామీటరు వ్రేలాడదీసి, రేపటి ఉదయమునుండి అంకె వ్రాయుట మొదలుపెట్టుడు. ఆ పుస్తకమును అప్పుదరఖాస్తుతోబాటు సంఘకార్యాలయమునకు తెచ్చిన సభ్యుని పొలమును గూర్చి, మొక్కలమ్మువానికంటె ఆ సభ్యునికే ఎక్కువ తెలిసియుండును.